ఒకే సందేశం – అనేక అర్థాలు

ఒక మాటకు అర్థం ఆ మాటలోనే ఉంటుందా, వినేవాని స్థితిని బట్టి కూడా ఏర్పడుతుందా అన్న ప్రశ్నను భారతీయ ఆలంకారికులు చాలా లోతుగా చర్చించారు. వ్యంగ్యార్థాన్ని నిరూపించే సందర్భంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో ఒక చిన్న ఉదాహరణ చూపాడు. పొద్దు గుంకిందని ఎవరో అన్నారు. ఆ మాట విని పశువుల కాపరి మందను ఇంటికి మళ్లించాలనుకొంటాడు. పనివాడు పని చాలించవచ్చుననుకొంటాడు. అనుష్ఠానపరుడు సంధ్యావందనానికి వేళయిందని లేస్తాడు. అంగడివాడు సరకులు సర్దుకొంటాడు. పలికిన మాట ఒక్కటే అయినా దాన్ని గ్రహించినవారు వేర్వేరు కాబట్టి జరిగిన పనులూ వేర్వేరయ్యాయి.

మానవ శరీరంలో కూడా ఇటువంటి విశేషం అనుక్షణం జరుగుతూ ఉంటుంది. ఒకే హార్మోను రక్తంలో ప్రవహిస్తూ అన్ని అవయవాలకూ చేరుతుంది. దానివల్ల గుండె వేగం పెరుగుతుంది, కాలేయం కొవ్వును కరిగిస్తుంది, ఎముక ఎదుగుతుంది, శిశువు మెదడు వికసిస్తుంది. పీయూష గ్రంథి మాత్రం అదే హార్మోనును గ్రహించి తన స్రావాన్ని తగ్గించుకొంటుంది. ఒక రసాయన పదార్థం ఇన్ని విధాల పనులు ఎలా చేయగలుగుతోంది? ఈ ప్రశ్నకు సమాధానం హార్మోనులో కన్నా దాన్ని అందుకొనే కణాలలోనే ఎక్కువగా ఉంది.

గ్రంథి – హార్మోను

మెడ ముందుభాగంలో, శ్వాసనాళానికి ఇరుపక్కలా రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుంది. దీనిని అవటు గ్రంథి లేదా థైరాయిడ్ గ్రంథి అంటారు. పెద్దవారిలో దీని బరువు సుమారు 15 నుంచి 20 గ్రాములు మాత్రమే. ఇంత చిన్న గ్రంథి ఎంత అవసరమైనదో 19వ శతాబ్ది చివరలో గాని వైద్యులకు తెలియలేదు. స్విట్జర్లాండ్‌లో ప్రసిద్ధ శస్త్రవైద్యుడైన థియోడర్ కోకర్, గ్రంథిని పూర్తిగా తొలగించిన రోగులు క్రమంగా మందబుద్ధులై, శరీరం ఉబ్బి, నీరసించిపోవడాన్ని గమనించి 1883లో ప్రకటించాడు. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే గొర్రె అవటు గ్రంథి నుంచి తీసిన రసాన్ని ఇటువంటి రోగిణికి ఎక్కించగా ఆమె కోలుకొంది. గ్రంథి నుంచి వెలువడే ఏదో పదార్థమే దేహాన్ని నడుపుతోందని అప్పటికి స్పష్టమైంది.

1914లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ కెండల్ ఆ పదార్థాన్ని స్ఫటిక రూపంలో వేరుచేశాడు. అదే థైరాక్సిన్. దీని అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి కాబట్టి దీన్ని టి4 అని కూడా పిలుస్తారు. 1952లో జాక్ గ్రాస్, రోసలిండ్ పిట్-రివర్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మూడు అయోడిన్ పరమాణువులు గల మరో హార్మోనును కనుగొన్నారు. ఇది టి3. గ్రంథి నుంచి అధికంగా వెలువడేది టి4 అయినా, కణంలో ప్రధానంగా పనిచేసేది టి3. టి4ను హార్మోను నిల్వగాను, టి3ని దాని క్రియాశీల రూపంగాను భావించవచ్చు.

తోకకప్ప వేసిన చిక్కుముడి

ఈ హార్మోను తీరును అత్యంత విచిత్రంగా చూపిన ప్రాణి కప్ప. నీటిలో పుట్టిన తోకకప్ప కప్పగా మారే దశను రూపవిక్రియ అంటారు. 1912లో గూడర్‌నాచ్ అనే శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు అవటు గ్రంథిని ఆహారంగా పెట్టగా అవి తగినంత ఎదగకముందే మరుగుజ్జు కప్పలుగా మారిపోయాయి. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే మరో పరిశోధనలో, గ్రంథిని తొలగించిన తోకకప్పలు ఎన్నటికీ కప్పలు కాకుండా తోకకప్పలుగానే భారీగా పెరిగాయి.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. రూపవిక్రియ సమయంలో తోక కణాలు క్షీణించి నశిస్తాయి. అదే సమయంలో కాళ్ల కణాలు విభజన చెంది పెరుగుతాయి. ఆకులూ నాచూ తినే పొడవైన పేగు, పురుగులను తినే పొట్టి పేగుగా మారుతుంది. ఈ మూడు మార్పులకూ కారణం ఒకే హార్మోను. ఒక కణానికి మరణశాసనమైనది మరొక కణానికి వృద్ధికారకం కావడం ఎలా సాధ్యం?

ఈ సమస్యను పరిష్కరించే దిశలో ముఖ్యమైన అడుగు వేసినవారిలో భారతీయ శాస్త్రజ్ఞుడు ఒకరున్నారు. బొంబాయిలో జన్మించి లండన్‌లో పరిశోధనలు సాగించిన జంషెడ్ రుస్తుం టాటా 1960 దశకంలో ఈ హార్మోను ప్రభావాన్ని సూక్ష్మంగా పరిశీలించాడు. హార్మోను ఇచ్చిన తరువాత జంతువు జీవక్రియ వేగం పెరగడానికి చాలా గంటలు పడుతుంది. కాని అంతకన్నా ముందే కణ కేంద్రకంలో ఆర్.ఎన్.ఎ. తయారీ హెచ్చుతుందని ఆయన నిరూపించాడు. కోసి వేరుచేసిన తోకకప్ప తోకను పాత్రలో ఉంచి హార్మోను కలిపితే ఆ తోక కుంచించుకుపోయేది. ఆర్.ఎన్.ఎ. తయారీని అడ్డుకొనే మందును కూడా కలిపితే తోక చెక్కుచెదరకుండా ఉండేది. నశించడానికి కూడా కణం కొత్త జన్యు సందేశాలను తయారుచేసుకోవాలన్నమాట. హార్మోను కణాన్ని నేరుగా చంపడం లేదు. కణంలో ముందే సిద్ధంగా ఉన్న ఒక కార్యక్రమాన్ని ఆరంభిస్తోంది. తోక కణంలో సిద్ధంగా ఉన్న కార్యక్రమం వేరు, కాలి కణంలో ఉన్నది వేరు.

గ్రాహకం పనిచేసే తీరు

హార్మోను సందేశాన్ని కేంద్రకంలో అందుకొనే ప్రోటీనునే గ్రాహకం అంటారు. 1972లో అమెరికాలో జాక్ ఓపెన్‌హైమర్ బృందం, టి3 గట్టిగా అతుక్కొనే స్థానాలు కణ కేంద్రకంలో ఉన్నాయని చూపింది. 1986లో అమెరికాలో రోనాల్డ్ ఇవాన్స్, ఐరోపాలో బ్యోర్న్ వెన్‌స్ట్రోమ్ నాయకత్వాలలోని రెండు బృందాలు వేర్వేరుగా పనిచేసి ఈ గ్రాహకానికి మూలమైన జన్యువులను గుర్తించాయి. కోళ్లలో రక్తసంబంధమైన క్యాన్సరును కలిగించే ఒక వైరస్‌పై సాగిన అధ్యయనం వారిని ఈ ఆవిష్కరణకు చేర్చింది.

సాధారణంగా తాళం, తాళపుచెవి పోలికతో గ్రాహకాలను వివరిస్తారు. థైరాయిడ్ గ్రాహకం విషయంలో ఆ పోలిక పూర్తిగా సరిపోదు. హార్మోను వచ్చేదాకా ఈ గ్రాహకం ఊరక ఉండదు. అది డి.ఎన్.ఎ. పై తనకు నిర్దేశితమైన చోట, తరచుగా మరొక తోడు ప్రోటీనుతో జతకట్టి, ముందునుంచే కూర్చొని ఉంటుంది. హార్మోను లేనప్పుడు కొన్ని నిరోధక ప్రోటీనులను తన దగ్గర చేర్చుకొని పక్కనున్న జన్యువు పనిచేయకుండా అణచి ఉంచుతుంది. టి3 వచ్చి గ్రాహకం మధ్యనున్న గూటిలో ఇమిడిన వెంటనే గ్రాహకం ఆకృతి కొద్దిగా మారుతుంది. ఆ మార్పుతో నిరోధకాలు తొలగిపోతాయి, సహాయక ప్రోటీనులు వచ్చి చేరుతాయి. అంతదాకా అణగి ఉన్న జన్యువు పని ప్రారంభిస్తుంది. కొన్ని జన్యువుల విషయంలో ఈ క్రమం తలకిందులై, హార్మోను చేరినప్పుడే జన్యువు పని మందగిస్తుంది.

దీన్నిబట్టి హార్మోను లేకపోవడం నిశ్శబ్దంతో సమానం కాదని తెలుస్తుంది. ఖాళీ గ్రాహకం జన్యువులను చురుకుగా అణచివేస్తుంది. చిట్టెలుకలపై జరిగిన పరిశోధనలు ఈ విషయాన్ని చక్కగా నిరూపించాయి. పుట్టుకతోనే అవటు గ్రంథి లేని చిట్టెలుకలు పాలు విడిచే వయస్సుకే మరణించాయి. గ్రంథితోపాటు ఆల్ఫా గ్రాహకం కూడా లేని చిట్టెలుకలు మాత్రం బ్రతికాయి. హార్మోను అందని గ్రాహకం ఉండడం, గ్రాహకమే లేకపోవడం కన్నా ఎక్కువ హాని చేసిందన్నమాట.

అవయవానికొక గ్రాహకం

మానవునిలో ఈ గ్రాహకాలకు మూలమైన జన్యువులు రెండు. 17వ క్రోమోజోముపై ఉన్నది ఆల్ఫా గ్రాహకానికి, 3వ క్రోమోజోముపై ఉన్నది బీటా గ్రాహకానికి మూలం. బీటాలో మళ్లీ ఒకటి, రెండు అనే ప్రధాన భేదాలున్నాయి. దాదాపు అన్ని కణాలలోను ఏదో ఒక గ్రాహకం ఉన్నా, వాటి పాళ్లు మాత్రం అవయవాన్ని బట్టి మారుతాయి.

గుండెలో ఆల్ఫా గ్రాహకానిది ప్రాధాన్యం. దాని ద్వారా హార్మోను గుండె కండరపు సంకోచ శక్తిని, స్పందన వేగాన్ని పెంచుతుంది. హార్మోను ఎక్కువైనవారికి గుండెదడ, తక్కువైనవారికి నాడి మందగించడం ఇందువల్లనే కలుగుతాయి. ఎముకలు, పేగు, మెదడు కూడా ముఖ్యంగా ఆల్ఫా గ్రాహకంపైనే ఆధారపడతాయి. ఎదిగే పిల్లల ఎముక చివరలలోని మృదులాస్థి సకాలంలో ఎముకగా మారడానికి ఇది అవసరం.

కాలేయంలో బీటా గ్రాహకానిది పైచేయి. అక్కడ హార్మోను చేరినప్పుడు, రక్తంలోని కొలెస్టరాల్‌ను కాలేయ కణాలలోకి లాగుకొనే ఏర్పాటు బలపడుతుంది. అవటు గ్రంథి మందగించినవారి రక్తంలో కొలెస్టరాల్ పెరగడానికి ఒక ముఖ్య కారణం ఈ ఏర్పాటు సడలిపోవడమే.

పీయూష గ్రంథిలోను, మెదడులోని హైపోథాలమస్‌లోను బీటా గ్రాహకం రెండవ రూపం ఉంటుంది. అవటు గ్రంథిని పనిచేయించే టిఎస్‌హెచ్ అనే ప్రేరక హార్మోను పీయూష గ్రంథి నుంచే వెలువడుతుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోను తగినంత ఉన్నదని ఈ గ్రాహకం గ్రహించగానే టిఎస్‌హెచ్ తయారీ తగ్గుతుంది. హార్మోను తగ్గినప్పుడు అది మళ్లీ పెరుగుతుంది. ప్రయోగశాలల్లో చేసే టిఎస్‌హెచ్ పరీక్షకు ఆధారం ఈ సమతుల్యమే.

ఇదే బీటా గ్రాహకం కంటిలోను, లోపలి చెవిలోను కూడా ఉండడం ఆశ్చర్యకరం. కంటిలోని శంకుకణాలలో ఏవి నీలి రంగును, ఏవి ఎరుపు, ఆకుపచ్చ రంగులను గ్రహించాలో నిర్ణయించడంలో దీనికి పాత్ర ఉంది. 2018లో ప్రయోగశాలలో పెంచిన మానవ నేత్రపటల కణజాలంలో ఈ విషయం రుజువైంది. చెవిలో ధ్వనిని గ్రహించే భాగం సక్రమంగా రూపొందడానికి కూడా బీటా గ్రాహకం కావాలి.

కణం చేసుకొనే ఏర్పాట్లు

గ్రాహకం కేంద్రకంలో ఉన్నంత మాత్రాన సరిపోదు. హార్మోను అక్కడిదాకా చేరాలి. ఈ ప్రయాణంలో కణానికి తనదైన అధికారం రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిది ద్వారం. కణపు పొరలోని కొన్ని రవాణా ప్రోటీనులు హార్మోనును లోపలికి తీసుకుపోతాయి. రెండవది కణం లోపలి మార్పిడి. కొన్ని ఎంజైములు టి4 నుంచి ఒక అయోడిన్ పరమాణువును తొలగించి దాన్ని టి3గా మారుస్తాయి. శరీరంలోని టి3లో సుమారు 80 శాతం ఈ విధంగా గ్రంథి వెలుపలే తయారవుతుంది. మరొక ఎంజైము వేరొక చోట అయోడిన్‌ను తొలగించి హార్మోనును నిర్వీర్యం చేస్తుంది.

మెదడు, పీయూష గ్రంథి వంటి భాగాలలో టి3ని తయారుచేసే ఎంజైము చురుకుగా ఉంటుంది. గర్భిణి మావిలో నిర్వీర్యం చేసే ఎంజైము అధికంగా ఉండి, పిండానికి అతిగా హార్మోను చేరకుండా కాపాడుతుంది. ఈ కారణంగా ఒకే రక్తం పారుతున్నా రెండు అవయవాలలో హార్మోను బలం ఒకేలా ఉండదు. ఊరంతటికీ నీరిచ్చే చెరువు ఒక్కటే అయినా, ఏ మడికి ఎంత నీరు పారాలో ఆ మడి తూము నిర్ణయించినట్లే ఇది కూడా.

గ్రాహకం తప్పినప్పుడు

1967లో శామ్యూల్ రెఫెటాఫ్ బృందం ఒక కుటుంబంలోని పిల్లలను పరిశీలించింది. వారి రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎక్కువగా ఉన్నా, దాని ఆధిక్యం వల్ల కలగవలసిన లక్షణాలు కనిపించలేదు. వారికి మెడలో గ్రంథి ఉబ్బి ఉంది, పుట్టుకతో చెవుడు కూడా ఉంది. హార్మోను ఉన్నా కణాలు దాన్ని వినిపించుకోవడం లేదన్న భావన ఈ పరిశీలనతోనే మొదలైంది. ఆ కుటుంబంలో బీటా గ్రాహక జన్యువే లోపించిందని 1990 దశకం ఆరంభంలో తెలిసింది. చెవికి ఆ గ్రాహకం ఎంత అవసరమో కూడా దీనివల్ల బోధపడింది.

ఇటువంటి లోపాలలో ఎక్కువగా కనిపించేది బీటా గ్రాహకం ఒక జతలో చెడి ఉండడం. ఆ స్థితిలో పీయూష గ్రంథి హార్మోను చాలలేదని భ్రమించి టిఎస్‌హెచ్‌ను పంపుతూనే ఉంటుంది. అవటు గ్రంథి ఇంకా ఎక్కువ హార్మోనును తయారుచేస్తుంది. ఆల్ఫా గ్రాహకం ఆరోగ్యంగా ఉన్న గుండె మాత్రం ఆ ఆధిక్యానికి లోనై వేగంగా కొట్టుకొంటుంది. ఒకే మనిషిలో ఒక అవయవం కరువును, మరొక అవయవం అతివృష్టిని అనుభవిస్తాయి. ఈ రహస్యం తెలియని రోజుల్లో కొందరికి గ్రంథి దోషమని భావించి దాన్ని అనవసరంగా తొలగించిన సందర్భాలూ ఉన్నాయి.

ఆల్ఫా గ్రాహక లోపం ఇంతకన్నా మరుగున ఉండిపోయింది. 2012లో ఆరేళ్ల బాలికలో మొదటిసారి దాన్ని గుర్తించారు. ఎదుగుదల కుంటుపడడం, ఎముకల వికాసం ఆలస్యం కావడం, తీవ్రమైన మలబద్ధకం వంటి లక్షణాలన్నీ హార్మోను లోపాన్నే సూచించాయి. రక్తపరీక్షలో మాత్రం తేడా స్వల్పం. బీటా గ్రాహకం గల పీయూష గ్రంథికి ఏ కొరతా తెలియకపోవడంవల్ల టిఎస్‌హెచ్ పెరగలేదు. మెదడు కణాలలోకి హార్మోనును చేర్చే రవాణా ప్రోటీను లోపించిన మగపిల్లల స్థితి మరింత దుర్భరం. వారి రక్తంలో టి3 అధికంగా ఉంటుంది. మెదడు మాత్రం ఆ హార్మోను అందక వికసించదు. రక్తంలోని అంకె చాలా సందర్భాల్లో నమ్మదగినదే అయినా, అవయవం లోపలి స్థితిని అది పూర్తిగా చెప్పలేదని ఈ అరుదైన వ్యాధులు బోధిస్తున్నాయి.

తెలివిడి నుంచి చికిత్సకు

హార్మోను కొలెస్టరాల్‌ను తగ్గిస్తుందని తెలిసిన వైద్యులు దాన్నే మందుగా వాడడానికి ప్రయత్నించారు. గుండెపోటు వచ్చినవారికి థైరాక్సిన్‌ను పోలిన ఒక పదార్థాన్ని ఇచ్చి అమెరికాలో పెద్దయెత్తున పరీక్షించారు. అది తీసుకొన్నవారిలో మరణాలు ఎక్కువగా కనిపించడంతో 1970 దశకం తొలి సంవత్సరాలలోనే ఆ ప్రయోగాన్ని నిలిపివేయవలసి వచ్చింది. కాలేయానికి మేలుచేసే పదార్థమే గుండెకు కీడు చేసింది. గ్రాహక భేదాలు తెలిసిన తరువాత ఆలోచన మారింది. కాలేయంలో ఎక్కువగా ఉన్న బీటా గ్రాహకంపైనే ప్రధానంగా పనిచేసే మందును రూపొందిస్తే గుండెను కాపాడవచ్చునని శాస్త్రజ్ఞులు భావించారు. దీర్ఘకాల కృషి ఫలితంగా రెస్మెటిరోమ్ అనే మందు తయారైంది. కొవ్వు చేరి, వాచి, మచ్చలు కట్టిన కాలేయానికి చికిత్సగా దీన్ని 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

బరువు తగ్గడానికి వైద్యుని సలహా లేకుండా థైరాయిడ్ మాత్రలు మింగడం ఎంత ప్రమాదకరమో కూడా దీనివల్ల తెలుసుకోవచ్చు. మాత్రలోని హార్మోను కొవ్వు దగ్గరికి మాత్రమే పోదు. గుండెకూ, ఎముకకూ అదే రక్తంలో చేరుతుంది.

కాలం విలువ

అన్ని అవయవాలలోను మెదడుకు ఒక ప్రత్యేకత ఉంది. మిగిలిన అవయవాలు ఆలస్యంగా హార్మోను అందినా చాలావరకు కోలుకొంటాయి. గర్భంలోను, పుట్టిన తొలి సంవత్సరాలలోను మెదడుకు హార్మోను అందకపోతే కలిగిన నష్టం తరువాత పూడదు. గర్భం తొలి నెలల్లో శిశువు తల్లి హార్మోనుపైనే ఆధారపడుతుంది. ప్రపంచంలో సుమారు 2000 నుంచి 4000 మంది శిశువులలో ఒకరు అవటు గ్రంథి లోపంతో పుడతారు. పుట్టినప్పుడు వారిలో చాలామంది ఆరోగ్యవంతులుగానే కనిపిస్తారు. మడమ నుంచి తీసిన కొద్ది రక్తపు చుక్కలతో ఈ లోపాన్ని గుర్తించవచ్చు. మొదటి రెండు వారాలలోపు చికిత్స ఆరంభిస్తే ఆ బిడ్డ తోటి పిల్లలవలె ఎదిగి చదువుకొనగలుగుతుంది. వాడవలసిన మందు రోజుకొక చిన్న మాత్ర. దాన్ని ఆలస్యంగా ఇస్తే శరీరం ఎదుగుతుంది గాని పోయిన బుద్ధి వికాసం తిరిగి రాదు.

హార్మోను తయారీకి కావలసిన అయోడిన్ నేలలో లోపించిన ప్రాంతాలలో ఈ కష్టం ఒక్క శిశువుకు పరిమితం కాక ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడించేది. హిమాలయ పాదప్రాంతం అందుకు ఉదాహరణ. శ్రీకాకుళంలో 1921లో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి 1956లో కాంగ్రా లోయలో ఒక అధ్యయనం ప్రారంభించారు. కొన్ని ప్రాంతాల ప్రజలకు అయోడిన్ కలిపిన ఉప్పును, మరొక ప్రాంతం వారికి మామూలు ఉప్పును అందించి ఫలితాలను పోల్చారు. అయోడిన్ ఉప్పు వాడిన ప్రాంతాలలో గాయిటర్ గణనీయంగా తగ్గింది. 1962లో భారత ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఇటువంటి కృషి బలాన్నిచ్చింది. 1992లో ఆ కార్యక్రమం పేరు అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మారింది. మెడలో కనిపించే వాపు కన్నా మెదడులో కనిపించని నష్టమే పెద్దదన్న గుర్తింపు ఈ పేరు మార్పులో కనిపిస్తుంది.

అవటు గ్రంథి పంపే సందేశంలో పుట్టుక నుంచి ముదిమి దాకా మార్పులేదు. ఆ సందేశానికి గుండె వేగంతోను, కాలేయం శుద్ధితోను, ఎముక ఎదుగుదలతోను జవాబిస్తాయి. ఇవన్నీ జీవితమంతా సాగేవే. శిశువు మెదడు మాత్రం కొద్ది నెలలే ఎదురుచూస్తుంది. ఆ నెలల్లో తల్లి వంటింటిలోని చిటికెడు అయోడిన్ ఉప్పు, ప్రసవమైన ఆసుపత్రిలో తీసే రెండు చుక్కల రక్తం ఒక జీవితానికి కావలసిన బుద్ధిబలాన్ని నిలబెట్టగలవు.